నాలుగో కన్నం

పిల్లలు ఆషాఢంలో కాగితం పడవలు వదులుతారని నాకు పెళ్ళయి గోదావరి వైపు పోయేదాకా తెలియదు. మా ఊళ్ళో ఆషాఢం అంటే ఇంకా ఎండలే. నెల్లూరు సముద్రపు ఒడ్డుకు అసలు వాన దసరా దాటాక వస్తుంది. ఏడాదంతా కురిసేదాంట్లో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురిసి పోతుంది. అందుకే అత్తగారింట్లో మొదటి ఏడు, జూలైలో, వీధి పిల్లలు మోకాళ్ళదాకా లాగులు ఎగలాక్కుని పడవలు వదులుతుంటే, ఇదేంది, వీళ్ళకు కార్తీకం ముందే వచ్చేసిందా అనుకున్నాను. మాకు పడవలంటే దీపావళి టపాకాయలు మెత్తబడిపోయే కాలం. నారు పీకి నాట్లు వేసే కాలం. తలకు గోనెసంచి కొప్పెర వేసుకుని మనుషులు కయ్యల్లో వంగి ఉండే కాలం.

మాది తోటపల్లి గూడూరు. నెల్లూరు నుంచి తూర్పుగా పోతే వస్తుంది, ఇంకా తూర్పుగా పోతే సముద్రం వస్తుంది. 1985లో మండలాలు వచ్చినాక మండల కేంద్రమైంది గానీ, నేను చెప్పేది అంతకు పదేళ్ళ ముందు మాట. పడమటినుంచి పెన్న నీళ్ళు తియ్యగా వచ్చేవి, తూర్పునుంచి గాలి ఉప్పగా వచ్చేది. 1855 నాటి నెల్లూరు ఆనకట్ట దగ్గర జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ అని పెద్ద పేర్లతో బయల్దేరే నీళ్ళు చీలి, మళ్ళీ చీలి, ఊళ్ళలోకొచ్చేసరికి పేరులేని పిల్లకాలువలయ్యేవి. మా దొడ్డి వెనక పారేది అట్టాంటిదే. వానపడితే మా చూరునీళ్ళు వాకిట్లోనుంచి వీధిలోకి, వీధిలోనుంచి ఆ కాలువలోకి పోయేవి. మాకు రేవు అంటే వాకిలే.

మొదట కాగితంతోనే మొదలుపెట్టాం. మామూలు పడవ, కత్తి పడవ, జంట పడవ. కత్తి పడవ మడవడం వచ్చినవాడు వీధిలో దొర. మా అన్నకు వచ్చేది, నాకు నేర్పేవాడు కాదు. కాగితం కావాలంటే మా ఇంటికి నెల్లూరు నుంచి 'జమీన్ రైతు' వచ్చేది. నాయన దాన్ని మొదటి మాట నుంచి చివరి ప్రకటన దాకా చదివి, పక్కింటాయనకు చదవనిచ్చి, ఆయన తిరిగిచ్చాక కొయ్యపెట్టె అడుగున పరిచేవాడు. పత్రిక కాగితం నీళ్ళు తాగుతుంది. పడవ వాకిలి దాటకముందే నడుం విరుచుకుని కూర్చునేది. క్యాలెండరు కాగితం దిట్టంగా ఉండేది, ఒక వైపు నునుపు. కానీ నెల మారినా దాన్ని చించకూడదు. పాలలెక్క, చాకలి లెక్క దాని మీదే కదా రాసేది! లెక్క తీరేదాకా అక్టోబరు మా ఇంట్లో నవంబరు వెనక వేలాడుతూనే ఉండేది. కొవ్వొత్తి ముక్కతో కాగితం అడుగున రుద్దితే పడవ ఇంకాసేపు బతుకుతుందని అన్న కనిపెట్టాడు. కొవ్వొత్తి మళ్ళీ కరెంటు పోయినప్పటికి కావాలి. అదీ దొరకదు.

ఇప్పుడు పత్రికల్లో పిల్లల పేజీల్లో చూస్తుంటాను, ఇంట్లో పనికిరాని వస్తువులతో బొమ్మలు చేయండి అని. చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. మా ఇంట్లో పనికిరానిది అంటూ ఒకటి ఉంటే గదా! కొబ్బరి చిప్ప ఉందనుకోండి. అది గరిటె అవుతుంది, ఉప్పు తీసుకునే కొలత అవుతుంది, పగిలితే వేణ్ణీళ్ళ పొయ్యిలోకి పోతుంది. కాలిన అగ్గిపుల్లలను కూడా మా అవ్వ ఒక డబ్బాలో పోసి దాచేది. ఒక దీపం నుంచి ఇంకో దీపానికి మంట అందించడానికి కొత్త పుల్ల ఎందుకు దండగ అని. చాట చిరిగితే పేడ నీళ్ళలో కాగితం నానేసి మెత్తి మళ్ళీ చాట చేసేది. పాత చీర బొంత, పాత బొంత మసిగుడ్డ. అట్టాంటి ఇంట్లో పడవ చేయాలంటే ఏదో ఒకటి ఎత్తుకురావాల్సిందే. మేము ఆడింది పడవలాట అని ఇన్నాళ్ళూ చెప్పుకుంటున్నాను గానీ, మా అవ్వను అడిగితే ఇంటికి కన్నం వేయడం అనేది.

అవ్వ దగ్గర కొట్టేసిన వాటిలో ఖరీదైంది కర్పూరం. నెల్లూరులో ఉండే మా మామ వచ్చినప్పుడు పేస్టు తెచ్చుకునేవాడు, ఆయన పోయేటప్పుడు ఖాళీ ట్యూబు మాకు వదిలేసేవాడు. అప్పట్లో ట్యూబు అంటే పల్చటి రేకు. దాన్ని నిలువునా కోసి, చదును చేసి, గోరంత పడవగా కత్తిరించి, వెనకవైపు చిన్న గాటు పెట్టి, ఆ గాటులో పెసరగింజంత హారతి కర్పూరం ఇరికించాలి. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి దాన్ని వదిలితే, ఎవరూ తోయకుండా, గాలి లేకుండా, దానంతట అది తిరగడం మొదలుపెడుతుంది. తిరుగుతుంది, తిరుగుతుంది, చూసేవాళ్ళ మెడ నొప్పి పుడుతుంది. నీటి పైన కంటికి కనపడని బిగువు ఒకటి ఉండి అన్ని వైపులకూ సమానంగా లాగుతుందనీ, కర్పూరం తాకినచోట ఆ బిగువు సడలి, ముందువైపు లాగుడు గెలుస్తుందనీ, కర్పూరం నీళ్ళమీద పేరుకోకుండా గాల్లో కలిసిపోతుంది గనకే ఆట సాగుతుందనీ తొమ్మిదో తరగతిలో తెలిసింది. అప్పటికి మాకు తెలిసింది ఒకటే, అన్న తలకు నూనె పెట్టుకున్న రోజు పడవ తిరగదు. వేలికున్న నూనె చుక్క నీళ్ళకు తగిలితే చాలు, పడవ ఉన్నచోటే చచ్చిపోయేది. సబ్బు ముక్క పెట్టి చూశాం. ఒక్క ఉరుకు ఉరికి ఆగిపోయింది.

"దేవుడి కర్పూరం పడవలకా! ముట్టుకోబాకండి ఇంకోసారి," అని అవ్వ బిళ్ళలు లెక్కపెట్టి, ఉప్పుజాడీ వెనక పెట్టేది. లెక్కపెట్టిన బిళ్ళలో నుంచి పెసరగింజంత గిల్లితే లెక్క తప్పదని అన్న వాదన. బిళ్ళలన్నిటికీ ఒక మూల అరిగిపోయి ఉండటం అవ్వ చాలా రోజులు గమనించలేదు. గమనించి ఊరుకుందేమో కూడా.

రోజూ పొద్దున పట్టపుపాలెం నుంచి ఒకామె చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేది. మా తీరంలో సముద్రం మీద బతికేవాళ్ళు పట్టపువాళ్ళు. అవ్వ ఆమెకు వడ్లు కొలిచి ఇచ్చి చేపలు తీసుకునేది. ఒకరోజు వాన వెలిసి వాకిలంతా నీళ్ళు. అన్న కత్తి పడవ వదిలాడు. చూరునుంచి జారిన ఒక్క బొట్టు సరిగ్గా దాని కడుపులో పడింది. పడవ ఒకపక్కకు ఒరిగి, తాగి, కూర్చుంది. ఆమె తట్ట దించి నడుము మీద చేయి పెట్టుకుని నవ్వింది.

"దానికి లోపల పెట్టినావు గదా అబ్బయ్యా, నీళ్ళు లోపలికి రాక యాడికి పోతాయి?"

"మరి పడవకు లోపల ఉండదా?" అన్నాడు అన్న, కోపంగా.

"మా తెప్పకు లోపలనేదే లేదు. ఇంక మునిగేది యాడిది?"

మేము సముద్రాన్ని చూసినప్పుడల్లా తెప్పలనూ చూశాం. కానీ అవి పడవలని మాకు తోచనే లేదు. నాలుగు దుంగలు తాడుతో కట్టి ఉంటాయి, అంతే. అల వస్తే దుంగల సందుల్లోనుంచి దూరిపోతుంది, మనిషి తడుస్తాడు, తెప్ప మునగదు. ఒడ్డుకొచ్చినాక కట్లు విప్పి దుంగలను విడివిడిగా ఇసకమీద ఆరబెడతారు. కర్ర నీళ్ళు తాగితే బరువెక్కుతుంది, మరుసటి రోజు పనిచేయదు. తమిళంలో కట్టుమరం అంటారు దీన్ని. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను ఎత్తుకుపోయి రెండు పొట్టలున్న ఖరీదైన ఓడలకు పెట్టుకున్నారు. నన్నడిగితే వాళ్ళకు మాట దొరికింది గానీ వస్తువు దొరకలేదు. రెండు పొట్టలది మా జంట పడవ. తెప్పకు ఒక్క పొట్ట కూడా లేదు, అదే దాని గొప్ప.

ఆ రోజునుంచి మా ఇంట్లో వస్తువులన్నీ రెండు కులాలయ్యాయి. లోపల ఉన్నవి, లోపల లేనివి. చిప్ప, అగ్గిపెట్టె, రేకు, దొప్ప, కాగితం ఇవన్నీ గాలిని పట్టుకుని తేలేవి, గాలి పోయి నీళ్ళు వస్తే పని అయిపోయేది. జీలుగ బెండు, ఎండిన అరటిబోదె, ములగకొమ్మ, ఇవి తమంతట తాము తేలేవి. బెండుతో చేసిన తెప్ప బ్రహ్మాండంగా తేలింది గానీ గాలికి వెల్లకిలా పడిపోయేది. అరటిబోదె ముక్కలను తుమ్మముళ్ళతో గుచ్చి కడితే రెండు రోజులు బాగుండి మూడోరోజుకు నీళ్ళు తాగి మెత్తబడి కంపుకొట్టేది. పట్టపువాళ్ళ మాదిరి మేమూ సాయంత్రం కట్లు విప్పి పెంకుల మీద ఆరబెట్టాం. కాకులు ఎత్తుకుపోయాయి.

అప్పుడు అన్న కళ్ళు నాయన చెప్పుల మీద పడ్డాయి.

హవాయి చెప్పులు. పైన తెలుపు, కింద నీలం, నీలం పట్టీ. ఎడమకాలి చెప్పుకు వేలిదగ్గర పట్టీ తెగితే నాయన అడుగున పిన్నీసు గుచ్చి, దాన్ని ఇంకో ఆరు నెలలు నడిపే ఉద్దేశంలో ఉన్నాడు. నాయన నాట్ల కోసం కయ్యల్లోకి ఒట్టికాళ్ళతో పోయిన శనివారం మధ్యాహ్నం అన్న దాన్ని కత్తిపీట మీద పెట్టి ముందువైపు మొనగా కోశాడు. నేను పక్కన కూర్చుని చూస్తూ ఉన్నాను. వద్దనలేదు. వద్దని నాకు అనిపించలేదు కూడా. కోస్తుంటే లోపల తెల్లటి రబ్బరులో సన్నటి రంధ్రాలు కనపడ్డాయి. "చూడు, లోపల గాలి ఉండాది. కానీ నీళ్ళు దూరవు," అన్నాడు అన్న. అది మాకు దొరికిన మూడో కులం.

చెప్పుకు మూడు కన్నాలుంటాయి, వేలి దగ్గర ఒకటి, మడమకు అటూ ఇటూ రెండు. ముందు కన్నంలో చీపురుపుల్లల కట్ట నిలబెట్టి చూశాడు. తెరచాప గాలికి మొన నీళ్ళలో దిగబడింది. స్తంభం నడుమ ఉండాలన్నమాట. పొయ్యిలో ఊచ కాల్చి సరిగ్గా చెప్పు నడిమధ్యలో దించాడు. నాలుగో కన్నం. కాలిన రబ్బరు వాసన పడసాలదాకా వచ్చింది, అవ్వ "ఏందిరా కాలతా ఉండాది?" అని అరిచింది. తెరచాపకు ఏదో ఒకటి కావాలి. గోడమీద నుంచి అక్టోబరు దిగింది, పాలలెక్కతో సహా.

గాలికి పడవ ఒరిగిపోతుంటే రెండు మూడుసార్లు తిప్పి తిప్పి చూసి, ఆ నాలుగో కన్నంలోనే కిందినుంచి తుప్పుపట్టిన మేకు ఒకటి ఎక్కించాడు. ఆ బరువుకు చెప్పు నీళ్ళమీద గట్టిగా కుదురుకుంది. తోసినా లేచి నిలబడింది. అడుగున బరువుంటే పడవ నిలుస్తుందని వాడికి ఎవరూ చెప్పలేదు. పెద్ద పడవల్లో ఇసకో రాళ్ళో అడుగున వేస్తారని తరవాత తాత చెబితే, నాకు తెలుసులే అన్నట్టు చూశాడు.

ఇప్పుడు దానితో వాకిట్లో ఆడుకునేది ఏముంది? అది ఎక్కడిదాకా పోతుందో చూడాలి. ఆదివారం పొద్దున్నే దొడ్డి వెనక కాలువలో వదిలి ఇద్దరం గెనిమ మీద నడక మొదలుపెట్టాం.

నిజం చెప్పాలంటే పడవ పోయిందానికన్నా మేము మోసిందే ఎక్కువ. కాలువకు అడుగడుక్కీ తూము. తూము దగ్గర పడవ గడ్డిలో చిక్కుకునేది, తీసి అవతల వదలాలి. ఒకచోట కాలువ మొత్తాన్ని మళ్ళగొట్టి ఎవరో కయ్యలోకి పెట్టుకున్నారు. పడవ కాలువలో మట్టిమీద కూర్చుంది. గాలి ఎదురు. కార్తీకపు గాలి ఈశాన్యం నుంచి వస్తుంది, మేము పోయేది తూర్పుకు. తెరచాప ఉన్నంతసేపూ పడవ ఇంటివైపే చూసేది. అన్న అక్టోబరును చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ తరవాత బాగానే పోయింది. నాటువేసే ఆడవాళ్ళు ఎవరి బిడ్డలని అడిగారు, చెప్పకుండా నడిచాం. పిల్లకాలువ పోయి మురుగుకాలువలో కలిసింది. కయ్యలు పోయి ఇసకనేల వచ్చింది. ఇసకలో తవ్విన దొరువులు, వాటిలోకి రెండు చేతులా కుండలు ముంచి మొక్కలకు నీళ్ళు పోసే మనుషులు. సరుగుడు తోపుల హోరు. అది సముద్రపు హోరేనని నేను ఏడుపు మొదలుపెట్టాను. కాదు చెట్లని అన్న అన్నాడు.

ఉప్పుకాలువ దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పుస్తకాల్లో దాని పేరు బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు దగ్గర మొదలుపెట్టి, ముక్కలు ముక్కలుగా తవ్వుకుంటూ వచ్చి, 1876–78 ధాత కరువులో ఆకలితో ఉన్నవాళ్ళకు కూలిపని పెట్టి ఆ ముక్కలను కలిపారు. అప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. పెదగంజాం నుంచి తమిళనాడులో మరక్కాణం దాకా 400 కిలోమీటర్ల పైచిలుకు, సముద్రం పక్కనే, సముద్రంలో దిగకుండా. తవ్వినవాళ్ళలో మా వైపువాళ్ళు ఎందరున్నారో, గవర్నరు పేరు మాత్రం ఎవరి నోటా నిలవలేదు. నీళ్ళు ఉప్పన, మోసింది ఉప్పు, అందుకని ఉప్పుకాలువ. తాత చిన్నతనంలో దానిమీద ధాన్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు మద్రాసుకు పోయేవట. కార్తీకంలో దక్షిణానికి పోయే పడవ తెరచాప ఎత్తుకుని ఊరికే పోయేదనీ, అదే పడవ తిరిగొచ్చేటప్పుడు మనుషులు గట్టుమీద తాడు భుజాన వేసుకుని లాగాలనీ చెప్పేవాడు. రైలు, లారీ వచ్చి దాని బతుకు తగ్గించాయి, 1965, 66 తుపానులు గట్లు కొట్టేశాయి. మేము పోయేసరికి గట్టువారన బురదలో ఒక పాత పడవ పక్కటెముకలు మాత్రం ఉన్నాయి. దాని కడుపులో నీళ్ళు, నీళ్ళలో పీతలు. అన్న దాన్ని చాలాసేపు చూశాడు. లోపల ఉన్న పడవ గదా, అన్నట్టు.

చెప్పును నీళ్ళలో వదిలాం. మా కాలువలన్నీ ఒకే వైపు పారతాయి, పడమటినుంచి తూర్పుకు. పుట్టినప్పటినుంచీ నీళ్ళంటే మాకు అదే. ఇక్కడ నీళ్ళు ఎటు పోతాయో చూద్దామని కూర్చుంటే, అవి ఉత్తరానికి కదులుతున్నాయి, మెల్లగా, గడ్డిపోచలను మోసుకుంటూ. సముద్రం పోటు మీద ఉంది. పోటు వస్తే కాలువలో నీళ్ళు ఒకవైపు, ఆటు వస్తే ఇంకోవైపు పోతాయని మాకు తెలియదు. అన్న జేబులోనుంచి అక్టోబరును తీసి మళ్ళీ కట్టాడు. గాలి దాన్ని దక్షిణానికి తోసింది. నీళ్ళు ఉత్తరానికి లాగాయి. పడవ కాలువ నడుమ ఉన్నచోటే నిలబడిపోయింది. పాలలెక్క మావైపు తిరిగి ఉంది. అంకెలు కనపడుతున్నాయి.

ఎంతసేపు అట్టా ఉందో తెలియదు. తరవాత సన్నగా వాన మొదలైంది. కాగితం తడిసి వంగింది. నీళ్ళు గెలిచాయి. పడవ ఉత్తరానికి, మైపాడు వైపు, కదిలింది. గట్టుమీద దానితోపాటు కొంతదూరం నడిచాం. ముళ్ళచెట్లు అడ్డం వచ్చాయి. చీకటి పడుతుందని నేను అన్నాను. అన్న ఏమీ అనలేదు. సరుగుడు కట్టెల బండి ఆయనొకడు మమ్మల్ని ఎక్కించుకుని ఊరి మొగదల దించాడు.

ఇంటికి పోయేసరికి నాయన వాకిట్లో ఒక చెప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మ పాలలెక్క కోసం గోడకేసి చూస్తా ఉంది. పడాల్సినవి పడ్డాయి, ఎక్కువగా అన్నకే. అంతా అయినాక నాయన చేతిలో చెప్పును అటూ ఇటూ తిప్పి చూసి, మా ముందు పడేశాడు. "దీన్నీ కోసుకోండి. ఒంటి చెప్పుతో నేనేం చేసుకునేది?"

అట్టా నాకు ఒక పడవ దక్కింది. ఊచ కాల్చి నేనే దించాను.

ఆడపిల్లలకు పడవలు నిషేధమేం కాదు మా ఇంట్లో. ఏడాదికి ఒక్కరోజు, అవ్వ తానే చేసి ఇచ్చేది. కార్తీక అమావాస్య మర్నాడు, మార్గశిర పాడ్యమి, పోలి స్వర్గానికి పోయిన రోజు. తెల్లవారుజామున ఆడవాళ్ళంతా చన్నీళ్ళ స్నానాలు చేసి, అరటి దొప్పల్లో ఆవునేతి దీపాలు వెలిగించి కాలువలో వదులుతారు. ఆ వేళకు నీళ్ళమీద మంచులాంటి పొగ ఉంటుంది, దీపాలు దాంట్లో దూరి మాయమవుతాయి. వాటికంటే అందమైన పడవలను నేను తరవాత ఎక్కడా చూడలేదు. ఒడిశాలో కార్తీక పున్నమి తెల్లవారుజామున, వెనకటికి బాలి, జావా దీవులకు పోయిన వర్తకుల పేరు మీద ఇట్టాగే అరటిబోదె పడవలు దీపాలతో వదులుతారని కటకంలో ఉద్యోగం చేసిన మా వారు చెబుతుంటారు. వాళ్ళవి ఓడలు, సముద్రం దాటి పోయిన మగవాళ్ళ గుర్తు. మా పోలి ఎక్కడికీ పోలేదు. ఇంట్లో వదిలేసిపోయిన చిన్నకోడలు.

ఆ కథ అవ్వ ప్రతి ఏడూ చెప్పేది. అత్త పెద్దకోడళ్ళను తీసుకుని నదికి పోతూ, పోలి దీపం పెట్టకూడదని అన్నీ దాచి పోయింది. పోలి పెరట్లో చెట్టుకింద రాలిన పత్తి ఏరి వత్తి చేసుకుంది. కవ్వానికి అంటుకున్న వెన్న గీరి చమురు చేసుకుంది. దీపం పెట్టింది, బొందితో స్వర్గానికి పోయింది. కవ్వానికి అంటుకున్న వెన్నకు కూడా లెక్క ఉండే ఇల్లు ఎట్టా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ఆ ఏడు నేను నా చెప్పు పడవను ఓణీ చాటున కాలువకు తీసుకుపోయాను. దొప్పలు తూము దగ్గర ఒరిగి ఆరిపోతాయి, నాది ఒరగదు. దాని మీద ప్రమిద పెడితే ఉప్పుకాలువ దాకా వెలుగుతూ పోతుందని నా లెక్క. అవ్వ చూసింది.

"చెప్పు మీద దీపమా! నీకేం పోయేకాలం వచ్చిందే!"

కాలువగట్టున అందరి ముందూ. దాన్ని నా చేతిలోనుంచి లాక్కుని చీకట్లోకి విసిరేసింది. నీళ్ళలో పడిన చప్పుడు వినపడింది. మునగదని నాకు తెలుసు గనక ఏడవలేదు. పోలి అయితే ఏం చేసి ఉండేదో అడుగుదామనుకున్నాను, అడగలేదు.

రొట్టెల పండక్కి నెల్లూరు చెరువు దగ్గరికి పోయినప్పుడు నాయన మాకు రేకు పడవ కొనిపెట్టాడు. లోపల చిన్న దీపం పెడితే టపటపమని తనంతట తాను పోయేది. నీళ్ళు ఆవిరై గొట్టాల్లోనుంచి వెనక్కు తన్నుతాయి, చల్లబడి మళ్ళీ లోపలికి పీల్చుకుంటాయి, అంతే దాని యంత్రం. 1891లో లండన్‌లో దీనికి పేటెంటు తీసుకున్నారని చాలా ఏళ్ళకు చదివాను. మా ఉప్పుగాలికి ఆ ఏడే తుప్పుపట్టింది. అన్న దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

మొన్న నవంబరులో అన్న మనవడిని తీసుకుని ఊరికి పోయాను. ఎనిమిదేళ్ళవాడు, బెంగళూరులో పుట్టాడు. వాన పడితే పడవ చేద్దామన్నాడు. ఏం కావాలో తెచ్చుకోరా అన్నాను. వాడు ఇంట్లోకి పోయి రెండు నిమిషాల్లో చేతులనిండా వేసుకొచ్చాడు. ప్లాస్టిక్ గిన్నెలు, చెంచాలు, నీళ్ళ సీసాలు, రబ్బరు బ్యాండ్లు, థర్మాకోల్ ముక్కలు, మందుల అట్టలు. ఎవరూ వద్దనలేదు. ఎవరూ చూడను కూడా లేదు. సీసాకు రబ్బరు బ్యాండు మెలిపెట్టి రెక్క కట్టి నిజంగా నడిచే పడవ చేశాడు, నాకంటే, మా అన్నకంటే వేగంగా చేశాడు. వదలడానికి వాకిట్లోకి పోతే వీధికాలువ సిమెంటుది, దాని మీద బండలు పరిచి ఉన్నాయి. పడవ చీకట్లోకి దూరిపోయింది. వాడు అవతలి చివరకు పరిగెత్తాడు. అవతలి చివర ఎక్కడుందో నాకూ తెలియదు.

అందుకని కోడూరు సముద్రానికి తీసుకుపోయాను. మేము నడిచిన కయ్యలలో చాలా భాగం ఇప్పుడు రొయ్యల గుంటలు. 1990 తరవాత వచ్చాయి, చచ్చాయి, మళ్ళీ వచ్చాయి. ఒక గుంటలో ఒక మనిషి థర్మాకోల్ దిమ్మెల మీద నిలబడి, తాడు పట్టుకుని జరుగుతూ మేత చల్లుతున్నాడు. పక్కన కర్రలు కట్టి, పైన పట్టా చుట్టిన తెప్ప. దానికి లోపల లేదు. మనవడికి చూపించి చెప్పబోయాను, వాడు ఏరేటర్ల చక్రాలు చూస్తున్నాడు.

ఒడ్డున కర్ర తెప్పలు నాకు కనపడలేదు. ఫైబర్ బోట్లు వరసగా ఉన్నాయి. 2004 డిసెంబరు సునామీ తరవాత తీరమంతా అవే. దక్షిణాన కృష్ణపట్నం ఓడలు దూరంగా, నిలబెట్టిన ఇళ్ళలాగా. ముందురోజు తుపాను గాలికి అల ఎక్కడిదాకా వచ్చిందో ఇసకమీద నల్లటి గీత ఉంది. నాచు, సరుగుడు పుల్లలు, వలముక్కలు, థర్మాకోల్ గుల్లలు, సీసాలు. వాటికంటే ఎక్కువ చెప్పులు. ఎడమవి, కుడివి, పిల్లలవి, పెద్దవాళ్ళవి, ఎక్కడెక్కడివో. ఒక్కదానికీ జత లేదు.

మనవడు ఒకటి ఏరుకొచ్చాడు. నీలం వెలిసిపోయి బూడిదరంగైన హవాయి చెప్పు, అంచంతా గుల్లలు పట్టి ఉంది. మొన నీళ్ళకు అరిగిందో, ఎవరైనా కోశారో, సన్నగా ఉంది.

"అవ్వా, దీంతో చేద్దామా?"

వాడి చేతిలోనుంచి తీసుకుని, ఇసక దులిపి, వెలుతురుకు ఎత్తి పట్టి కన్నాలు లెక్కపెట్టాను.

మూడే ఉన్నాయి.